కుక్కలలో కాలేయ వ్యాధి: గుర్తించుట ఎట్లు?

కాలేయము దేహమందలి విషపదార్థములను విరిచి, పైత్యరసమును తయారుచేయు అవయవము. అది చెడినచో కుక్క తిండి మానును, వాంతులు చేసికొనును, చిక్కిపోవును. కొన్నిటికి పొట్టలో నీరు చేరును. కనుగ్రుడ్ల తెలుపు, చిగుళ్లు పచ్చబారును. మూత్రము ముదురు పసుపు రంగున వచ్చును.

అయితే పచ్చని కన్ను చూచినంత మాత్రమున కాలేయ వ్యాధియని నిశ్చయింపరాదు. పిడుదుల వలన సోకు కొన్ని వ్యాధులలో రక్తకణములు నశించుటచేతను కామెర్లు కలుగును. రక్తములో బిలిరుబిన్, ఎ.ఎల్.టి. అను ఎంజైము ఎంత హెచ్చినవో పరీక్షించి, అవసరమైనచో స్కానింగు చేసి, పశువైద్యుడే కారణమును తేల్చవలెను.

ఈ కారణములలో లెప్టోస్పైరోసిస్ అనబడు ఎలుక జ్వరము మిక్కిలి గమనింపదగినది. వ్యాధిగ్రస్తమైన కుక్క మూత్రము ద్వారా ఇది మనుష్యులకును సోకును. కావున ఆ మూత్రమును వట్టి చేతులతో ముట్టరాదు; పిల్లలను దూరముగా ఉంచవలెను. పసరు పోసి కాలము గడపరాదు. మనుష్యులు వాడు పారాసిటమాల్ మాత్రను వేయరాదు. అది కుక్క కాలేయమునకు హాని చేయును.

పంచాయతీ సభ్యులారా! మీ గ్రామమున ఇట్టి లక్షణములు గల కుక్క కనబడినచో వెంటనే పశువైద్యశాలకు తెలియజేయుడు. ఎలుక జ్వరమునకు కుక్కలకు వేయు టీకా కలదు. పెంపుడు కుక్కలకు దానిని వేయింపవలసినదిగా గ్రామస్థులకు నచ్చజెప్పుడు.