మాతృభాషా స్వత్వము - తెలంగాణాంధ్రుల సంఘటన

విద్యార్థులారా! అల్పసంఖ్యాకు లెవరని యడిగినచో, జనసంఖ్యలో తక్కువగా నున్నవారని మీరు వెంటనే చెప్పుదురు. ఆ యుత్తరము సగము మాత్రమే సత్యము. లెక్కలో నెక్కువగా నుండియు, తమ నుడికి బడియందును కచ్చేరియందును చోటులేక, అల్పులవలె బ్రదికిన జనులును గలరు. వారు మన పూర్వులే.

నాటి నిజాము రాష్ట్రమున ఇంచుమించు సగముమంది తెలుగువారు. అయినను రాజభాష ఉర్దూ. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమునందు బోధనాభాషయు నదియే. ఒక దేశభాషలో ఉన్నతవిద్య గరపుట గొప్ప కార్యమే. కాని తెలుగు బాలునకు ఇంటి భాష వేరు, బడి భాష వేరు నయ్యెను.

1921 నవంబరులో హైదరాబాదున ధోండో కేశవ కర్వే అధ్యక్షతను సంఘసంస్కరణ సభ జరిగెను. ఇతర భాషల యుపన్యాసములను సభ్యులు శ్రద్ధగా వినిరి. ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున మాటాడ లేచినంతనే కొందరు గేలిచేసి అల్లరి గావించిరి. మనసు నొచ్చిన తెలుగువారు ఊరక యుండలేదు. ఆ రాత్రియే కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు మొదలగువారు దానికి ఊపిరి పోసిరి.

ఈ యుద్యమమున మన యోరుగల్లునకు తగిన స్థానము కలదు. హనుమకొండలో 1904 నాటికే రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసియుండెను. 1923లో ఆంధ్రజన కేంద్రసంఘము మొదటి సమావేశము హనుమకొండయందే జరిగెను. గ్రంథాలయములు, పఠనాలయములు, పాఠశాలలు నెలకొల్పుట, విద్యార్థులకు తోడ్పడుట, తాళపత్రములను శాసనములను సేకరించుట - ఇవి సంఘము చేపట్టిన పనులు. సభ జరుపుటకు సర్కారు అనుమతి కావలసిన కాలమది. అట్టితరి ఊరి గ్రంథాలయమే జనులు కూడి చదువుకొని ఆలోచించుకొను చోటయ్యెను.

వారు హక్కును కోరుటతో తృప్తిపడక, దానికి ఆధారములను గూర్చిరి. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరన్న మాటకు సురవరము ప్రతాపరెడ్డి కోపముతో గాక, 1934లో 354 కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించి బదులు చెప్పెను. 1935లో లక్ష్మణరాయ పరిశోధకమండలి తెలంగాణా శాసనములను ప్రకటించెను. 1928లో మాడపాటివారు హైదరాబాదున ఆంధ్ర బాలికా పాఠశాలను స్థాపించిరి. తెలుగున బోధించు ఆ బడికి ఇచట గుర్తింపు దొరకకపోగా, కర్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయము ఆదరించెను. ఏ మహాశయుని సభలో తెలుగునకు పరాభవము కలిగెనో, ఆయన విద్యాపీఠమే తెలుగు బాలికలకు అండయైనది. కావున ఒక సభలోని కొందరి యవివేకమును బట్టి ఒక జాతినంతయు ద్వేషించుట తగదు.

ఈ సమస్య మన దేశమునకే పరిమితము కాదు. చీనా పాలనలోని దక్షిణ మంగోలియాలో మంగోలీయులు స్వదేశమందే జనసంఖ్యలో ఐదవవంతునకు తక్కువైరి. 2020లో వారి బడులయందు కొన్ని పాఠ్యములను మంగోలు భాషకు మారుగా చీనా భాషలో బోధింప నాజ్ఞ కాగా, తల్లిదండ్రులు పిల్లలను బడులకు పంపక నిరసించిరి. స్వదేశమున నోరు మెదపరాని స్థితిలో, జపాను, అమెరికా మొదలగు దేశములందు వసించు మంగోలీయులు వారి పక్షమున సభలు జరిపిరి. స్వదేశమందలి వారి గొంతు నొక్కబడినపుడు దూరదేశమందలి బంధువులే గొంతుక యగుదురు.

ఇక మన కర్తవ్య మేమి? నేడు తెలుగు రాజభాష. పూర్వపు వరంగల్లు జిల్లాలోని ఏటూరునాగారపు అడవులయందు కోయబాలురు కలరు; తండాలయందు లంబాడీ బాలురు కలరు. వారికి ఇంటి భాష వేరు, బడి భాష తెలుగు. అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్యను మాతృభాషలో గరపు వసతులు కల్పింప యత్నింపవలెనని మన రాజ్యాంగము 350-ఏ అధికరణము విధించుచున్నది. మీ తరగతిలో అట్టి బాలుడు మాటాడ లేచి, పలుకు తడబడినచో నవ్వకుడు. 1921లో నవ్వినవారి వరుసలో మనము నిలువరాదు. తన భాషకు గౌరవము కోరువాడు ఇతరుల భాషను వినుటకు మొదట నేర్వవలెను.