బెల్షస్సరు విందు: రెంబ్రాంట్ చిత్రం

డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1630ల్లో గీసిన ఈ తైలవర్ణ చిత్రం లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. కథ బైబిలు పాత నిబంధన, దానియేలు గ్రంథం 5వ అధ్యాయంలోది. యెరూషలేము ఆలయం నుంచి కొల్లగొట్టిన పాత్రల్లో బాబిలోన్ పాలకుడు బెల్షస్సరు ద్రాక్షారసం తాగుతుండగా, ఓ చెయ్యి ప్రత్యక్షమై గోడపై అతడి పతనాన్ని రాస్తుంది. బరువైన తలపాగా, దానిపై చిన్న కిరీటం, భయంతో తెరుచుకున్న కళ్లు! కుడివైపు స్త్రీ చేతిలోని పాత్ర ఒరిగి మద్యం ఒలికిపోతోంది. అహంకారం క్షణంలో కుప్పకూలడాన్ని ఇంత సూటిగా చూపిన చిత్రాలు అరుదు. గోడపై హీబ్రూ అక్షరాలు నిలువు వరుసల్లో ఉంటాయి.

ఈ కథలో తికమకపడే చోటు ఒకటుంది. బైబిలు బెల్షస్సరును బాబిలోన్ రాజు నెబుకద్నెజరు కుమారుడంటుంది. బాబిలోన్ శాసనాల ప్రకారం తండ్రి నబోనిడస్. గోడపై రాసిన పతనం విషయానికొస్తే, క్రీ.పూ. 539లో బాబిలోన్ పర్షియా చక్రవర్తి సైరస్ వశమైంది.