వెండి పడగ ఎపిసోడ్ ఎందుకు తీసేశాను? భక్తి పాడ్‌కాస్ట్ చేయాలనుకునేవాళ్లకు ఒక పాఠం

పోయిన వారం వీడియో చివర్లో "మీలో ఎవరైనా సొంతంగా భక్తి పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాలనుకుంటున్నారా?" అని అడిగాను. చాలామందే ముందుకొచ్చారు. అయితే ఎక్కువమంది అడిగింది మైక్ గురించి. ఏది కొనాలి, ఎంతలో వస్తుంది, ఎడిటింగ్‌కు ఏ యాప్ బాగుంటుంది అని. మైక్ సంగతి తర్వాత నాలుగు ముక్కల్లో చెప్తాను, అంతకన్నా దానికి అవసరం లేదు. ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

మాది ఉరవకొండ. ఉద్యోగం బెంగళూరులో, రెండు వారాలకోసారి ఇంటికి పోతుంటాను. మా ఊరి కొండ పడగ విప్పిన పాములా కనిపిస్తుంది. ఉరగకొండే ఉరవకొండ అయిందని మా వాళ్లు చెప్పుకుంటారు. ఛానెల్ మొదలుపెట్టిన కొత్తలో ఆ పేరు పట్టుకునే నాగదోషం మీద ఒక ఎపిసోడ్ చేశాను. ఊరి పేరుతో కథ మొదలవుతుంది, మధ్యలో పరిహారం వస్తుంది, బాగా కుదిరిందనుకున్నాను. "వెండి నాగపడగ సమర్పిస్తే దోషం పోతుంది" అని గట్టిగా చెప్పేశాను కూడా. ఎక్కడ చదివాను? ఎక్కడా లేదు. మూడు వీడియోలు చూశాను, మూడింట్లో అదే మాట ఉంది కాబట్టి నిజమే అనుకున్నాను. ఆ మూడూ ఒకదాన్ని చూసి ఒకటి కొట్టినవని అప్పుడు తట్టలేదు.

ఆ వ్యూస్ నాకు అప్పటివరకు ఎప్పుడూ రాలేదు. సంతోషంగానే ఇంటికి పోయాను. మా వీధిలో మగ్గం నేసే ఒక అక్క ఉంది. చేతులు మగ్గం మీద, ఫోన్ పక్కన పెట్టుకుని రోజూ ఏదో ఒకటి వింటూనే ఉంటుంది. నన్ను చూసి ఆపి అడిగింది: "తమ్ముడూ, వెండిది కాకుండా ఇత్తడిది పెడితే కాదా?" ఎందుకక్కా అన్నాను. కూతురి పెళ్లి సంబంధాలు కుదరడం లేదంట. చీరలు నేయించే షావుకారు దగ్గర కూలి మీద అడ్వాన్సు అడిగిందంట, వెండి పడగ కొనడానికి. "నువ్వే చెప్తివి కదప్పా" అంది.

ఆ రాత్రి ఎపిసోడ్ తీసేశాను. మరుసటి ఆదివారం నాలుగు నిమిషాల సవరణ రికార్డు చేసి పెట్టాను. "ఆ మాటకు నా దగ్గర ఆధారం లేదు, ఎవరూ దానికోసం అప్పు చేయొద్దు" అని. సవరణను విన్నవాళ్లు అసలు ఎపిసోడ్ విన్నవాళ్లలో పదోవంతు కూడా లేరు. ఆఫీసులో నేను రెండు లైన్ల కోడ్ రాసినా ఇంకొకరు చూడందే బయటికి పోదు. ఇక్కడ మాత్రం ఒక ఇంటి ఖర్చును మార్చే మాట, ఎవరూ చూడకుండానే పోయింది.

భగవద్గీత తొమ్మిదో అధ్యాయంలో స్వామికి ఏం ఇస్తే చాలో ఒక చిన్న జాబితా ఉంది కదా. ఆకు, పువ్వు, పండు, నీళ్లు. భక్తితో ఇస్తే చాలు. వెండి అందులో లేదు. (ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే మా జిల్లాలో ఆ నాలుగింట్లో ఒక్కోసారి నీళ్లే ఖరీదైనవి, అది వేరే సంగతి.) ఇది నాకు ఇంటర్‌లోనే తెలుసు. ఎపిసోడ్ రాసేటప్పుడు గుర్తు రాలేదు, ఎందుకంటే వినేవాళ్ల గురించి కాకుండా వ్యూస్ గురించి ఆలోచిస్తున్నాను.

ఉత్తరాలతో నడిచిన కార్యక్రమం

ఆ తర్వాత కొన్నాళ్లు ఏమీ పెట్టలేదు. పాత రేడియో రికార్డింగులు వింటూ కూర్చున్నాను. అక్కడ దొరికారు నాకు ఉషశ్రీ గారు.

మన వయసువాళ్లలో చాలామందికి ఆ పేరు తెలియదు, ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో అడిగి చూడండి. అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు. 1928లో పశ్చిమగోదావరి జిల్లా కాకరపర్రులో పుట్టారు, 1990లో పోయారు. ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో పనిచేశారు. ఆదివారం మధ్యాహ్నం ఆయన రామాయణం, భారతం చెప్తుంటే జనం రేడియోల చుట్టూ చేరేవాళ్లు. భద్రాచలం సీతారాముల కల్యాణానికి వ్యాఖ్యానం చెప్పిన గొంతు కూడా అదే. ఆ గొంతు గురించి అందరూ చెప్తారు. నన్ను పట్టుకున్నది మాత్రం ఆయన నడిపిన "ధర్మసందేహాలు" అనే కార్యక్రమం. శ్రోతలు ఉత్తరాలు రాస్తే, ఆ ప్రశ్నలకు జవాబులు చెప్పేవారు. అంతే ఫార్మాట్.

ఆలోచించండి. ఉత్తరం రాయాలంటే కార్డు కొనాలి, రాయాలి, పోస్టు డబ్బాలో వేయాలి, జవాబు వస్తుందో రాదో తెలియకుండా రేడియో ముందు కూర్చోవాలి. అంత శ్రమపడి అడిగాడంటే ఆ ప్రశ్న ఆ మనిషికి నిజంగా అవసరం. అంటే ప్రతి జవాబుకూ అవతల ఒక మనిషి ఉన్నట్టు. మనం చేసేది దీనికి తలకిందులు. ముందు టాపిక్ అనుకుంటాం, తర్వాత దానికి మనుషుల్ని వెతుకుతాం.

అందుకని ఇప్పుడు నాకొక పద్ధతి ఉంది. ఎవరో ఒకరు నిజంగా అడిగిన ప్రశ్న లేకుండా ఎపిసోడ్ మొదలుపెట్టను. స్క్రిప్టు పైన మొదటి లైనులో ఆ ప్రశ్న, అడిగినవాళ్ల మాటల్లోనే రాస్తాను. "ఏకాదశి వైశిష్ట్యం" అని రాయను. "నైట్ షిఫ్ట్ చేసేవాడిని, ఏకాదశి ఉపవాసం ఎప్పటినుంచి లెక్క?" అని రాస్తాను. రెండోదానికి జవాబు చెప్తే మొదటిది ఎలాగూ వస్తుంది. మొదటిది చెప్తే మాత్రం ఆ నైట్ షిఫ్ట్ అబ్బాయికి జవాబు దొరకదు.

పుస్తకంలో ఉందా, ఊళ్లో చెప్పుకుంటారా?

ఈ పాఠంలో అసలైన పని ఇదే, కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

లక్ష్మణరేఖ అందరికీ తెలుసు. వాల్మీకి రామాయణంలో వెతకండి, దొరకదు. శబరి పండ్లు కొరికి, రుచి చూసి రాముడికి పెట్టడం కూడా వాల్మీకంలో లేదు. అహల్య రాయి కావడం కూడా అంతే. అక్కడ ఆమె ఎవరికీ కనిపించకుండా, గాలే ఆహారంగా, బూడిదలో పడి తపస్సు చేస్తుంది. ఇది తెలిసిన వెంటనే కొందరు కుర్రవాళ్లు ఏం చేస్తారంటే "మీకు ఇన్నాళ్లూ అబద్ధం చెప్పారు!" అని థంబ్‌నెయిల్ పెడతారు. అది ఇంకో రకం తప్పు.

ఉడుత సంగతి చూడండి. సేతువు కట్టేటప్పుడు ఇసుక మోసిన ఉడుత వాల్మీకంలో లేదు. కానీ గోన బుద్ధారెడ్డి 13వ శతాబ్దంలో రాసిన రంగనాథ రామాయణంలో ఉంది. అది మన తెలుగువాళ్లు ఏడెనిమిది వందల ఏళ్లుగా పాడుకుంటున్న ద్విపద కావ్యం. ఇప్పుడు ఉడుత కథ అబద్ధమా? దాని చిరునామా వేరు, అంతే. చిరునామా చెప్పి కథ చెప్తే, విన్నవాడు కావాలంటే పోయి చూసుకుంటాడు. "వాల్మీకి రాశాడు" అని చెప్తే, ఎప్పుడో ఒకరోజు వెతికి, లేదని తెలుసుకుని, మనం చెప్పిన మిగతా పది మాటలు కూడా నమ్మడం మానేస్తాడు.

మా దగ్గర పెన్నహోబిలం ఉంది, ఉరవకొండ నుంచి అనంతపురం దారిలో పది పన్నెండు కిలోమీటర్లు. పెన్న ఒడ్డున లక్ష్మీనరసింహస్వామి గుడి. దాని మీద చేసిన ఎపిసోడ్‌ను మూడుసార్లు తిరగరాశాను. మొదటి డ్రాఫ్టులో అన్నీ కలిపి ఒకే గొంతుతో చెప్పేశాను. ఇప్పుడున్నది ఎలా ఉంటుందంటే, ప్రహ్లాదుడి కథ వచ్చినప్పుడు "ఇది భాగవతం సప్తమ స్కంధంలోది" అంటాను. స్వామి ఒక పాదం ఇక్కడ, ఇంకో పాదం అహోబిలంలో మోపాడన్న మాట వచ్చినప్పుడు "ఇది క్షేత్రంలో తరతరాలుగా చెప్పుకునేది" అంటాను. మెట్లు ఎలా ఉన్నాయి, ఎండ ఎంత ఉంది, పెన్నలో నీళ్లు ఉన్నాయా లేదా అనేది "నేను పోయినప్పుడు చూసింది" అంటాను. ఈ మూడు మాటలే: పుస్తకంలోది, క్షేత్రంలో చెప్పుకునేది, నేను చూసింది. ఇలా విడగొడితే భక్తి తగ్గుతుందేమోనని భయపడ్డాను. తగ్గలేదు. మా అమ్మ అయితే పాదం కథ దగ్గర ఎప్పటిలాగే చేతులు జోడించింది.

పరిహారాలు, వ్రతాలు, దోషాల విషయంలో ఇంకొక నియమం కూడా పెట్టుకున్నాను. డబ్బు ఖర్చయ్యే మాట, ఆరోగ్యం మీద పడే మాట (ఉపవాసాలు, ముఖ్యంగా గర్భిణులకు, షుగర్ ఉన్నవాళ్లకు) పుస్తకంలో ఉన్నా సరే, తెలిసిన పెద్దవాళ్లు ఒకరికి చూపించకుండా పెట్టను. దానివల్ల ఎపిసోడ్లు ఆలస్యమవుతాయి. కానివ్వండి.

వినే చెవికి రాయడం

మా అవ్వకు చదువు రాదు, చూపు కూడా తగ్గింది. అరణ్యకాండ ఎపిసోడ్ వినిపిస్తే మధ్యలో ఆపింది. "ఆ మాట ఎవరితో అనింది రా సీతమ్మ? రామయ్యతోనా, లచ్చుమయ్యతోనా?" నేను అంతటా "ఆయన", "ఆయనతో" అని రాసుకున్నాను. కాగితం మీద చదివేవాడు పైకి చూసి తెలుసుకుంటాడు. వినేవాళ్లకు పైకి చూడ్డానికి ఏముంది? అప్పటినుంచి పేర్లు మళ్లీ మళ్లీ చెప్తున్నాను. "ఇక్కడ స్క్రీన్ మీద చూస్తున్నట్టుగా" లాంటి మాటలు ఆడియోలో తీసేస్తున్నాను. మగ్గం నేసే అక్క స్క్రీన్ చూడదు, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో బండి నడిపే మీరూ చూడకూడదు.

వాక్యాలు కూడా చిన్నవి చేసుకోవాలి. సమాసాలు రాసినప్పుడు గొప్పగా ఉంటాయి, పలికేటప్పుడు ఊపిరి అందదు. ఇది కొత్త సంగతేం కాదు. మా ఊళ్లో గవిమఠం ఉంది, వీరశైవ మఠం. ఆ సంప్రదాయానికి తెలుగులో పెద్ద కవి పాల్కురికి సోమనాథుడు, 13వ శతాబ్దంవాడు. సంస్కృతం క్షుణ్ణంగా వచ్చినవాడు బసవపురాణాన్ని కావాలనే ద్విపదలో, జాను తెనుగులో రాశాడు. మామూలు జనం పాడుకోవాలి, వాళ్లకు అర్థం కావాలి అని. మనకు వచ్చినదంతా చూపించుకోవాలనిపించినప్పుడు నేను ఆయన్ను తలుచుకుంటాను.

నిడివి గురించి అడిగారు. నేను మెల్లగా చదివితే నిమిషానికి 100 మాటలు వస్తాయి. ప్రశ్న చిన్నదైతే ఐదు నిమిషాలు చాలు, సాగదీయకండి. మైక్ అంటారా, మొదటి ఇరవై ఎపిసోడ్లు ఫోన్‌లోనే చేశాను, బొంత కప్పుకుని, వీధిలో మగ్గాల చప్పుడు ఆగాక రాత్రి పదిన్నరకు. ఫ్యాన్ ఆపండి. ఫోన్ నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు పెట్టండి. శ్లోకం చదవాల్సి వస్తే ముందు వచ్చినవాళ్ల దగ్గర కూర్చుని పలకడం నేర్చుకోండి. ఒత్తులు, దీర్ఘాలు యాప్ సరిచేయదు. ఇక డబ్బుంటే మైక్ కొనుక్కోండి.

మీరు మొదలుపెట్టాలనుకుంటే ఈ వారం ఒక పని చేయండి. రికార్డింగ్ వద్దు. ఇంట్లో, ఆఫీసులో, అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో కలిసేవాళ్లను ఒక పదిమందిని, "దేవుడి విషయంలో నీకు ఎప్పటినుంచో ఉన్న డౌటు ఏంటి?" అని అడిగి, వాళ్లు ఎలా అంటే అలాగే రాసుకోండి. పదింట్లో ఆరు మీకు జవాబు తెలియనివే వస్తాయి. నాకు ఏడు వచ్చాయి.

ఆ ఏడింట్లో ఒకటి ఆ అక్కదే. సవరణ ఎపిసోడ్ విన్నాక నాతో మాట్లాడుతుందో లేదో అనుకున్నాను. మాట్లాడింది. అడ్వాన్సు తీసుకోలేదంట. ఇంకో ప్రశ్న కూడా అడిగింది: "పొద్దున మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునే విష్ణుసహస్రనామం వింటాన్నా. స్నానం అయితే చేసే కూర్చుంటా. అయినా కాళ్లు గుంటలో, చేతులు పనిలో... వినొచ్చా తమ్ముడూ, తప్పా?"

దానికి జవాబు ఇంకా రాస్తున్నాను. సహస్రనామం ఆనుశాసనిక పర్వంలోది, భీష్ముడు అంపశయ్య మీద పడుకుని ధర్మరాజుకు చెప్పింది. అక్కడ వినేవాళ్లకు ఏమైనా నియమాలు ఉన్నాయా అని ఒక పెద్దాయన దగ్గర కూర్చుని చూస్తున్నాను. దాంతోపాటు అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడి కథ కూడా తీశాను. మిథిలలో మాంసం కొట్టులో పని చేసుకుంటూనే, వెతుక్కుంటూ వచ్చిన కౌశికుడికి ధర్మం చెప్పినవాడు. అది అక్క ప్రశ్నకు సరిగ్గా సరిపోతుందా, లేక నాకు నచ్చింది కాబట్టి ఇరికిస్తున్నానా అన్నది తేలాక రికార్డు చేస్తాను. వచ్చే ఆదివారానికి అవుతుందని మాత్రం మాటివ్వలేను.