సముద్రం దగ్గర ఎంతసేపు?
(ఒక్కరోజు బందరు ప్రయాణానికి పాఠ్య ప్రణాళిక)

బి.ఎడ్. చదివే రోజుల్లో మా చేత పాఠ్య ప్రణాళికలు రాయించేవారు. కాలాంశం 45 నిమిషాలు. హాజరుకు ఇన్ని, పూర్వజ్ఞాన పరీక్షకు ఇన్ని, బోధనకు ఇన్ని అని పక్కన నిమిషాలు వేయాలి. నేను రాసిన మొదటి ప్రణాళికలో అసలు పాఠానికి మిగిలినవి ఎనిమిది నిమిషాలే. మా లెక్చరరుగారు ఏమీ అనలేదు, ఆ ఎనిమిది చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి పుస్తకం తిరిగి ఇచ్చారు. పాతికేళ్ల తర్వాత అదే తప్పు మళ్లీ చేశాను. ఈసారి తరగతి గదిలో కాదు, బందరు దగ్గర మంగినపూడి బీచిలో.

ఈ సంచిక చివరి పేజీల్లో జమాఖర్చులు చూసే అలవాటున్న పాఠకులు మీరు. కాబట్టి ముందుగా ఆనాటి మా కాలం జమాఖర్చు మీ ముందు పెడతాను.

మా కుటుంబం, మరిది కుటుంబం, ఆడపడుచు కుటుంబం కలిసి 18 మందిమి, ఒక అద్దె వ్యాను. విజయవాడ నుంచి బందరు సుమారు 70 కిలోమీటర్లు. అక్కడి నుంచి మంగినపూడి మరో 11. ఉదయం ఆరింటికి బయలుదేరాలనుకున్నాం. బిర్యానీ దమ్ము దిగేసరికి 8:15 అయింది. ఉయ్యూరులో చాయ్ కోసం ఆగితే 40 నిమిషాలు పోయాయి. బందరులో దూరపు బంధువుల ఇంటి ముందు నుంచి వెళుతూ దిగకపోతే బాగుండదని దిగాం, గంటా పావు. బీచి చేరేసరికి పన్నెండున్నర. పిల్లలు ఆకలన్నారు, భోజనాలకు ఒక గంట. నీళ్లలో గడిపింది ఒకటిన్నర నుంచి 2:50 దాకా. ఇల్లు చేరేసరికి రాత్రి ఏడుంబావు. అంటే 11 గంటల ప్రయాణంలో సముద్రానికి దక్కింది 80 నిమిషాలు, అదీ మిట్టమధ్యాహ్నపు ఎండలో.

ఆ 80 నిమిషాలు కూడా అందరికీ దక్కలేదు. మా అత్తగారు పుట్టింది తిరువూరు వైపు, మెట్టింది విజయవాడ. అప్పటికి ఆమెకు 68 ఏళ్లు, అంతవరకూ సముద్రం చూడలేదు. మోకాళ్ల నొప్పులు, కాలు పెట్టలేనంత వేడి ఇసుక. "మీరు వెళ్లండి బేటీ, సామాన్లు నేను చూస్తాలే" అని వ్యానులోనే కూర్చున్నారు. ఆమె చూసిన సముద్రం దుకాణాల సందులోంచి కనిపించిన ఒక నీలి గీత. ఇంటికొచ్చాక పక్కింటావిడ అడిగితే "చూశాను, చాలా పెద్దది" అన్నారు. ఆ మాట విన్నప్పుడు నాకు ఎర్ర సిరా సున్నా గుర్తొచ్చింది.

ఇంకో సంగతి ఇంట్లో ఎవరం పైకి అనుకోం. మా మరిది కొడుకు, తొమ్మిదేళ్లవాడు, మోకాలి లోతులో ఆడుతూ ఆడుతూ ఒక గుంటలో కాలు పెట్టి మునిగాడు. పక్కన వల సర్దుకుంటున్న ఒక జాలరి చొక్కా పట్టి లాగాడు. పెద్దవాళ్లం నలుగురం ఒడ్డునే ఉన్నాం. చూస్తున్నది పక్కవాళ్లు కదా అని ప్రతి ఒక్కరం అనుకున్నాం.

వెనక నుంచి లెక్క

రెండోసారి వెళ్లేముందు కాగితం మీద మొదట రాసుకున్నది బయలుదేరే సమయం కాదు. నీళ్ల దగ్గర ఉండాల్సిన సమయం. ఆ గంట మధ్యలో పెట్టుకొని వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చాం. ఆ గంట ఏదో తేల్చడానికి ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషిని ప్రమాణంగా పెట్టుకున్నాం. మా అత్తగారి కాళ్లు ఇసుక మీద ఆనగలిగే వేళ ఏది?

మన తీరం తూర్పు తీరం. సూర్యుడు నీళ్ల మీద ఉదయిస్తాడు, ఊళ్ల వైపు అస్తమిస్తాడు. నీళ్లకన్నా ఇసుక త్వరగా వేడెక్కుతుంది, త్వరగా చల్లారుతుంది. నేల వేడెక్కాక అక్కడి గాలి తేలికై పైకి లేస్తుంది, ఆ చోటికి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. ఏడో తరగతి పిల్లలు పరీక్షలో రాసే సముద్రపు గాలి ఇదే. మధ్యాహ్నం ఈ గాలి ఒంటికి హాయిగా తగులుతుంది కనుక ఎండ తెలియదు, అరికాలికి మాత్రం తెలుస్తుంది. సాయంత్రం వెళ్లవచ్చు కానీ జనవరిలో ఆరింటికి ముందే పొద్దు గుంకుతుంది, చీకట్లో పిల్లల్ని లెక్కపెట్టుకోవడం కష్టం. అందుకని ఉదయమే ఎంచుకున్నాం. ఫజర్ నమాజు కాగానే 5:45కి బయలుదేరడం, దారిలో ఎక్కడా ఆగకపోవడం, 7:45కి ఇసుక మీద ఉండడం, 10:15కి ఇసుక వదిలేయడం. రెండున్నర గంటలు. బంధువుల ఇల్లు, మిఠాయి కొట్టు, కొనుగోళ్లు అన్నీ ఆ తర్వాతే.

నెల సంగతి కూడా చెప్పాలి. అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం. ఏప్రిల్, మే సంగతి చెప్పనక్కర్లేదు. డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మేలు. ఆదివారం కన్నా వారం మధ్యలో వచ్చే సెలవు మంచిది.

బిర్యానీ లేకుండా పిక్నిక్ ఏమిటని అడిగేవాళ్లు ఉంటారు, మా ఇంట్లోనే ఉన్నారు. ఆ బిర్యానీ కోసం తెల్లవారుజామున రెండింటికి లేచేది ఎవరో, బీచిలో గిన్నెల దగ్గర కాపలా ఉండేది ఎవరో ఒకసారి చూడండి. ఆమె కూడా సముద్రం చూడటానికే వచ్చింది. మేము రాత్రే చేసిన చపాతీలు, ఉడకబెట్టిన గుడ్లు, అరటిపళ్లు, మనిషికి రెండు లీటర్ల చొప్పున నీళ్లు తీసుకెళ్లాం. మధ్యాహ్నం భోజనం ఊళ్లో హోటల్లో. ఖర్చు కొంచెం పెరిగింది. వ్యాను అద్దె ఎంతమంది వెళ్లినా ఒక్కటే కనుక మరో ఇద్దరిని కలుపుకుంటే అది సర్దుకుంది.

నీళ్లలో దిగేముందు

సముద్రం రోజూ ఒకేలా ఉండదు. మన తీరంలో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. ఆ వేళలు రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటుపోట్ల తేడా ఎక్కువ. పుణ్యస్నానాల వల్ల ఆ రోజుల్లో జనం కూడా ఎక్కువ. పిల్లలతో వెళ్లేవారు ఆ తేదీలు వదిలేస్తే మంచిది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎత్తైన అలల గురించి ముందస్తు హెచ్చరికలు ఇస్తుంది. ముందురోజు రాత్రి వాతావరణ వార్తలతో పాటు అవి కూడా చూసుకోవాలి. హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకోవడమే. అడ్వాన్సు పోతే పోయింది.

ఈత వచ్చినవాళ్లనూ ముంచేది రిప్ కరెంట్. అలలు ఒడ్డుకు తెచ్చిన నీళ్లు వెనక్కి పోవాలి కదా, ఎక్కడో ఒకచోట సన్నని పాయలా కలిసి వేగంగా లోపలికి పోతాయి. అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతుంటే ఆ మధ్యలో మాత్రం నీళ్లు నిదానంగా, కాస్త ముదురు రంగులో ఉంటాయి. తెలియనివాళ్లు 'ఇక్కడ అలలు లేవు, పిల్లలకు బాగుంటుంది' అని సరిగ్గా అక్కడే దింపుతారు. అందులో చిక్కుకున్న మనిషి ఒడ్డుకేసి ఎదురీదితే అలసిపోతాడు. ఎదురీదకూడదు, తేలుతూ ఉండాలి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. పాయ సన్నగా ఉంటుంది కనుక పక్కకు వెళితే బయటపడతాడు. ఈత రానివాళ్లు అతని కోసం దూకకూడదు. తాడో, ఖాళీ నీళ్ల డబ్బానో విసరాలి, జాలర్లను కేకేయాలి. మన పత్రికల్లో 'ఒకరిని కాపాడబోయి మరొకరు' అని ఎన్నిసార్లు చదివామో గుర్తు చేసుకోండి.

మంగినపూడిలో లోతు తక్కువ, వాలు మెల్లగా ఉంటుంది. అందువల్లే పిల్లలు చాలా దూరం లోపలికి వెళ్లిపోతారు. 2023లో అక్కడ కొత్త ఓడరేవు పనులు కూడా మొదలయ్యాయి. పోయినసారి చూసిన ఒడ్డే కదా అనుకోకుండా గుంటలెక్కడున్నాయో అక్కడి జాలర్లను అడిగి దిగాలి. పిల్లలకు మా నియమం ఒక్కటే: నీళ్లు మోకాలు దాటకూడదు. మోకాలు ఎవరిది అని మా మేనకోడలు అడిగింది. మంచి ప్రశ్నే. అందరిలో చిన్నవాడిది.

కాపలాకు పేర్లు రాశాం. ఇద్దరు పిల్లలకు ఒక పెద్ద, అరగంటకోసారి మార్పు, ఆ అరగంట ఫోను సంచిలో. మగవాళ్ల పేర్లూ అందులో ఉన్నాయి. సమయం చూసి కేక వేసే పని పదకొండేళ్ల పిల్లకు ఇచ్చాం, పెద్దవాళ్లకన్నా కచ్చితంగా చేసింది. తడిసిన చీర, బురఖా ఎంత బరువవుతాయో కాళ్లకు ఎలా చుట్టుకుంటాయో ఆడవాళ్లందరికీ తెలుసు. సల్వారు కమీజు, బిగుతుగా కట్టిన దుపట్టా మేలు. మరుగుదొడ్డి ఎక్కడుందో వెళ్లకముందే కనుక్కోవాలి. అది తెలియక ముసలివాళ్లు, ఆడవాళ్లు ఉదయం నుంచి నీళ్లు తాగడం మానేసి తలనొప్పితో తిరిగొస్తారు.

ఎండ వేళ ఊరు

పదింబావు తర్వాత ఊళ్లోకి. సముద్రం మీదే బతికిన ఊరు కనుక పిల్లలకు చెప్పడానికి చాలా ఉంది. 'బందర్' అంటే పారశీకంలో రేవు. ఉర్దూ తెలిసిన మన పిల్లలకు 'బందర్‌గాహ్' మాట కొత్త కాదు, కానీ మన బందరు అదేనని చెబితే ఆశ్చర్యపోయారు. గోల్కొండ కుతుబ్‌షాహీల రాజ్యానికి ఇదే పెద్ద రేవు. ఇరాన్ వర్తకులు ఇక్కడ దిగేవారు, హజ్ యాత్రికులు ఇక్కడ ఓడలెక్కేవారు. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో వచ్చారు. తీరంలో లోతు లేక పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసేవి, సరుకు పడవల మీద ఒడ్డుకు వచ్చేది. ఉదయం పిల్లలు మోకాలి లోతులో ఎంత దూరం నడిచారో గుర్తు చేస్తే ఇది చెప్పకుండానే అర్థమైంది.

బందరు కోటలో డచ్చివారి సమాధులున్నాయి. పురావస్తు శాఖ సంరక్షణలోని చోటు. అక్కడ నిలబడి 1864 నవంబరు 1 రాత్రి గురించి చెప్పాను. తుఫానుకు సముద్రం పొంగి ఊరి మీద పడింది, సుమారు 30 వేల మంది పోయారు. పొద్దున అరికాళ్లు తడిపింది కూడా ఆ నీళ్లేనా అని మా మరిది కొడుకు అడిగాడు. గుంటలో పడ్డవాడు వాడే. అవునన్నాను.

తర్వాత పెడన. అక్కడ చెక్క అచ్చులతో, మొక్కల నుంచి తీసిన రంగులతో కలంకారీ అద్దుతారు. పని చేసేవాళ్లను అడిగి కాసేపు చూడనిస్తే పిల్లలకు ఏ మ్యూజియమూ అక్కర్లేదు. జుహర్ నమాజు, భోజనం ఊళ్లోనే. చివర బందరు లడ్డు, వ్యానులో తినకూడదన్న షరతు మీద. ఆ షరతు ఎవరూ పాటించలేదు.

మూడింటికి తిరుగు ప్రయాణం, ఐదున్నరకల్లా ఇల్లు. దాదాపు 12 గంటల రోజులో సముద్రానికి 150 నిమిషాలు.

మా అత్తగారి కోసం ఇంటి నుంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తీసుకెళ్లాం. ఎనిమిదింటికల్లా మా వారు, మరిది చెరో చెయ్యీ పట్టుకొని నడిపించి, అల వచ్చి చీలమండలు తడిపే చోట కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మొదటి అలకు కాళ్లు పైకెత్తుకున్నారు. నాలుగో అలకు ఎత్తుకోలేదు. సామాన్లు ఎవరు చూస్తున్నారని ఒకసారి అడిగి, జవాబు వినకుండానే ఊరుకున్నారు. ఒక్క లోపం జరిగింది. అల వెనక్కి పోయినప్పుడల్లా కుర్చీ కాళ్లు ఇసుకలో దిగిపోయి ఒక పక్కకు ఒరుగుతుంటే గంటలో మూడుసార్లు జరపాల్సి వచ్చింది. ఈ జనవరిలో మళ్లీ వెళుతున్నాం. కుర్చీ కింద వేయడానికి పాత పీట చెక్క ఒకటి ఇప్పటికే తీసిపెట్టారు ఆవిడ.