ఉపగ్రహజాలములలో మార్గనిర్ణయము: ఒక పరిభాషా విచారము

శాస్త్రవిషయమును దేశభాషలో చెప్పబూనినపుడు పదముకంటె ముందు పదార్థము తెలియవలెను. సమాచారోపగ్రహముల ప్రసంగమున 'రౌటింగ్' అను మాటకు 'మార్గనిర్దేశము', 'మార్గనిర్ణయము' అను రెండు పదములు తోచును. వీనిలో నేది తగునో ఆ పని స్వరూపమును బట్టియే తేల్చవలసియున్నది.

భూస్థిరోపగ్రహము భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల యెత్తున నుండి, ఒకేచోట నిలిచినట్లు కనబడును. అచట దారి స్థిరము. కాని సందేశము పైకేగి క్రిందికి వచ్చుటకే సుమారు పావు సెకను పట్టును. తక్కువ యెత్తున పెక్కు ఉపగ్రహములను త్రిప్పినచో నీ జాగు తగ్గును. 1998లో సేవ ప్రారంభించిన ఇరిడియమ్ వ్యవస్థ యిందుకు నిదర్శనము. దానియందు సుమారు 780 కిలోమీటర్ల యెత్తున 6 కక్ష్యలలో, కక్ష్యకు 11 చొప్పున, 66 ఉపగ్రహములు కలవు. సామాన్యముగా నొక్కొక్క ఉపగ్రహము తన కక్ష్యలో ముందు వెనుకలనున్న రెండింటితోను, ఇరుప్రక్కల కక్ష్యలలోని రెండింటితోను రేడియోబంధము కలిగియుండును. సందేశము చేతినుండి చేతికి అందినట్లు వీనిగుండా సాగును.

అయితే ఎదురెదురు దిశలలో సాగు రెండు కక్ష్యల నడుమ నీ బంధము లేదు. ధ్రువప్రాంతములలో ప్రక్కబంధములు తాత్కాలికముగా ఆగును. భూమిపై నున్నవానికి ఒక్కొక్క ఉపగ్రహము కొద్ది నిమిషములే అందుబాటులో నుండును. కావున సంభాషణ ముగియకమునుపే దారి మారవచ్చును.

అతిస్వల్పమార్గమును గనుగొను గణితవిధానమును డైక్‌స్ట్రా 1959లో ప్రకటించెను. దూరమునకు బదులు జాగును కొలతగా గొన్నచో నది యిచటను ఉపకరించును. ఉపగ్రహగతులు గణితసాధ్యములు గనుక, పంచాంగకర్త గ్రహస్థితులను గుణించినట్లు, ఏ క్షణమున నే బంధముండునో ముందే పట్టికలు కట్టవచ్చును. కాని రద్దీయు, ప్రమాదమును పంచాంగమున కందవు. 2009 ఫిబ్రవరి 10న ఇరిడియమ్ 33 ఉపగ్రహము, అప్పటికే పనిచేయక తిరుగుచున్న రష్యా ఉపగ్రహము కాస్మాస్ 2251తో ఢీకొని నశించెను. అట్టివేళ మిగిలిన బంధములలో దేనిపై నెంత బరువు మోపవలెనో అప్పటికప్పుడు తేల్చుకొనవలెను. అందరును దగ్గరి దారినే పట్టినచో నదియే ఆలస్యపు దారి యగును.

నిర్దేశమనగా ఉన్న దారిని చూపుట. నిర్ణయమనగా పలు దారుల గుణదోషములు తూచి యొకదానిని స్వీకరించుట. భూస్థిరోపగ్రహము విషయమున మొదటిది చాలును. కదలు జాలమున దారియే క్షణికము, తూచుటయే ప్రధానము. కావున 'మార్గనిర్ణయము' అనుటయే అర్థానుగుణము. ఈ భేదమును పాటింపని పరిభాష చదువరికి మాటనిచ్చును గాని విషయము నీయదు.