కణితిలో ఆ 20 శాతం

ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది అడినోకార్సినోమా. దీని కణాలు ఒకే కణితిలో రకరకాల అమరికల్లో పెరుగుతాయి. గాలిగదుల గోడలను చెడగొట్టకుండా వాటి వెంబడే పాకితే లెపిడిక్‌. రోగికి కాస్త ఊరటనిచ్చేది ఇదే. గ్రంథుల్లా చేరే ఎసినార్‌, వేళ్లలా మొలిచే పాపిల్లరీ మధ్యరకం. ముద్దకట్టే సాలిడ్‌, ఆధార కణజాలం లేని చిన్న గుత్తులుగా ఉండే మైక్రోపాపిల్లరీ ప్రమాదకరం. కణితి చిన్నదైనా సరే, ఈ గుత్తులున్నప్పుడు వ్యాధి లింఫ్‌ గ్రంథులకు చేరే అవకాశం ఎక్కువ. కొన్నిసార్లు కణాలు కణితి అంచు దాటి పక్క గాలిగదుల్లోకీ చేరతాయి. 2015 నాటి డబ్ల్యూహెచ్‌ఓ వర్గీకరణ దీన్నీ వ్యాప్తి మార్గంగా గుర్తించింది.

2020లో వచ్చిన అంతర్జాతీయ గ్రేడింగ్‌ ప్రకారం, ప్రమాదకర అమరికలు 20 శాతానికి చేరితే చాలు, మిగతాదంతా లెపిడిక్‌ అయినా గ్రేడ్‌ 3 కిందే లెక్క. చిక్కల్లా, సూదితో తీసిన చిన్న ముక్కలో ఆ భాగం దొరక్కపోవచ్చు. అందుకే శస్త్రచికిత్సలో తీసిన కణితిని పరీక్షించాకే గ్రేడ్‌ తేలుస్తారు.