ఇంద్రావతి బోధ్ చేప: వేట నిషేధం ఎప్పుడు మొదలవ్వాలి?

బస్తర్‌లో ఇంద్రావతి నది మీద, బార్సూర్‌కు దగ్గరలో బోధ్‌ఘాట్ అనే చోటుంది. నదిలో దొరికే బోధ్ అనే చేప వల్లే దానికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఉత్తరాదిలో ఈ చేప పేరు గూంచ్. తెలుగులో దీన్ని ‘రాతి జెల్ల’ అంటారని పాత మత్స్యశాస్త్ర గ్రంథాలు రాశాయి. చేపను ఒకసారి చూసినవారికి ఆ పేరెందుకో చెప్పక్కర్లేదు. వెడల్పయిన బల్లపరుపు తల, పెద్ద నోరు, చిన్న కళ్ళు, గరుకు చర్మం, ఒంటి మీద నల్లటి పట్టీలు. నది అడుగున కదలకుండా పడుకుంటే పక్కనున్న బండకూ దానికీ తేడా తెలియదు.

శాస్త్రీయంగా ఇది బగారియస్ ప్రజాతికి చెందింది. ఈ ప్రజాతిలో గంగానది చేపను 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్, పుణే దగ్గరి నదుల్లోని చేపను 1839లో సైక్స్ వర్ణించారు. పెద్దవి రెండు మీటర్ల దాకా పెరుగుతాయి. రాళ్ళ మధ్య వడిగా పారే, ఆక్సిజన్ బాగా ఉన్న నీరు వీటికి కావాలి. చిన్న చేపలు, రొయ్యలు, కప్పలు తిండి. ఉత్తరాఖండ్‌లోని కాళీ నదిలో ఇది మనుషులను లాక్కుపోతుందని కథలున్నాయి. బస్తర్‌లో మాత్రం ప్రమాదం చేపకే.

ఛత్తీస్‌గఢ్ నదుల్లో ఏటా జూన్ 16 నుంచి ఆగస్టు 15 వరకు చేపల వేట నిషేధం. బొచ్చె, శీలావతి వంటి చేపలు వరద నీరు వచ్చాక గుడ్లు పెడతాయి కాబట్టి వాటికి ఈ రెండు నెలలు చక్కగా సరిపోతాయి. బగారియస్ చేపలు మాత్రం వరదలు మొదలవడానికి ముందే గుడ్లు పెడతాయని మత్స్యశాస్త్ర గ్రంథాల్లో ఉంది. ఇంద్రావతిలోనూ అదే జరుగుతుంటే, నిషేధం మొదలయ్యేసరికి చేప పని అయిపోయి ఉంటుంది. పైగా అది ఏడాదిలో నీరు అతి తక్కువగా ఉండే సమయం. పెద్ద చేపలన్నీ మిగిలిన కాసిని మడుగుల్లో చేరతాయి. వాటిని పట్టడం అప్పుడే అతి సులువు. పేలుడు పదార్థాలతో, విషంతో చేపలు పట్టడాన్ని 1897 నాటి చట్టమే నేరంగా ప్రకటించింది. ఇలాంటి ఒక్క మడుగులో ఆ పని చేస్తే ఎన్నో ఏళ్ళ పెరుగుదల ఒక పూటలో పోతుంది.

ఎన్నో ఏళ్ళు అంటే ఎన్ని? చేపల సంరక్షణలో మొదట తేలాల్సిన ప్రశ్న ఇదే. పొలుసులున్న చేపకైతే పొలుసు మీది వలయాలు లెక్కపెట్టవచ్చు. జెల్లలకు పొలుసులుండవు. అందుకని రొమ్ము రెక్క ముల్లును, వెన్నుపూసను, లేదా లోపలి చెవిలో ఉండే చిన్న సున్నపు రాయిని పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. చెట్టు మానులో లాగే అందులోనూ వలయాలుంటాయి. చలికాలం గట్టిగా ఉండే దేశాల్లో అవి స్పష్టంగా పడతాయి. మన నదుల్లో ఏడాదికి ఒకటే పడుతోందా, రెండు పడుతున్నాయా అన్నది విడిగా రుజువు చేసుకోవాలి.

ఈ రుజువుకు భౌతికశాస్త్రం ఎలా సాయపడిందో ఉత్తర పసిఫిక్ సముద్రంలోని రాక్‌ఫిష్ కథ చెబుతుంది. అవి కూడా రాళ్ళను అంటిపెట్టుకుని నిదానంగా పెరిగే చేపలే. వాటి చెవిరాళ్ళలో ఎనభై వలయాలు కనిపిస్తే చాలామంది నమ్మలేదు. 1982లో పరిశోధకులు ఆ రాళ్ళలోని రేడియం-226, సీసం-210 నిష్పత్తిని కొలిచారు. రేడియం క్షీణిస్తున్న కొద్దీ సీసం-210 పోగవుతుంది. దాని అర్ధాయువు సుమారు 22 ఏళ్ళు కాబట్టి ఆ నిష్పత్తి గడియారంలా పనిచేస్తుంది. వలయాల లెక్క నిజమేనని తేలింది. తర్వాత అలాస్కా ప్రాంతపు ఒక జాతికి 205 ఏళ్ళ వయసు కూడా నమోదైంది.

వయసు తెలిశాక నిర్వహణే మారిపోయింది. 2004లో స్టీవెన్ బర్క్‌లీ బృందం నల్ల రాక్‌ఫిష్‌పై చేసిన ప్రయోగాల్లో వయసు మళ్ళిన తల్లుల పిల్లలు త్వరగా పెరిగాయి, తిండి లేకపోయినా ఎక్కువ రోజులు బతికాయి. అంటే పెద్ద తల్లి చేప ఒకటి పోతే, దాని బరువుకు సరిపడా చిన్న చేపలను వదిలినా ఆ నష్టం తీరదు. అమెరికా పశ్చిమ తీరంలో 2002 నుంచి విశాలమైన ప్రాంతాల్లో వేట ఆపేశారు. 2000లో అతివేటకు గురైనట్టు ప్రకటించిన కెనరీ రాక్‌ఫిష్ 2015 నాటికి కోలుకుంది.

రాతి జెల్లకు ఈ పాఠాన్ని యథాతథంగా అతికించలేం. అది సముద్రం, ఇది నది. ఇక్కడ వేటగాడు ఒక్కడే కారణం కాదు. ఒడిశాలోని జోరా నాలా గుండా ఇంద్రావతి నీరు కొంత శబరి వైపు మళ్ళుతోంది. ఎగువన ఉన్న జలాశయం నీటిని మహానది పరీవాహకానికి తరలిస్తోంది. వేసవిలో చిత్రకూట్ జలపాతం సన్నని ధారలుగా మిగిలిపోతోంది. బైలడిల్లా కొండల నుంచి శంఖిని మోసుకొచ్చే సన్నని ఎర్రమట్టి రాళ్ళ సందుల్లో పేరుకుంటే, ఆ సందుల్లోనే బతికే చేపకు చోటుండదు. ఇక బోధ్‌ఘాట్ జలవిద్యుత్ పథకానికి 1979లో శంకుస్థాపన జరిగింది. అటవీ అనుమతుల దగ్గర ఆగిపోయినా 2020లో మళ్ళీ చర్చకు వచ్చింది. ఆనకట్ట వెనుక నిలిచిన నీటిలో బొచ్చె పెంచవచ్చు, బోధ్‌ను పెంచలేం. చేప పేరు పెట్టుకున్న పథకమే ఆ చేప ఉండే ఉరవడిని ముంచుతుంది!

చేయదగిన మొదటి పనికి పెద్ద ఖర్చేమీ లేదు. ఏప్రిల్ నుంచి జూన్ వరకు సంతకు వచ్చే ప్రతి బోధ్ చేప పొడవు, బరువు, కడుపులో గుడ్లు ఎంతవరకు పండాయన్నది తేదీతో సహా రాసుకోవాలి. కోసి అమ్మేవారి దగ్గర తల అడిగి తీసుకుంటే చెవిరాయి కూడా దొరుకుతుంది. దీని మాంసం త్వరగా చెడుతుంది కాబట్టి ఆ పని సంతలోనే అప్పటికప్పుడు జరగాలి. రెండు మూడు వేసవుల లెక్కలు చేతికొస్తే, నిషేధాన్ని మే నెలకు జరపాలా, కొన్ని మడుగులను ఏడాది పొడవునా వదిలేయాలా, ఫలానా పొడవు దాటిన చేపను తిరిగి నీటిలో వదలమనాలా అన్నది తేల్చుకోవచ్చు. భద్రకాళి దగ్గర ఇంద్రావతి గోదావరిలో కలుస్తుంది. అవతలి ఒడ్డు తెలంగాణది, కొంచెం పైన మహారాష్ట్ర మొదలవుతుంది. కాబట్టి ఆ పుస్తకాన్ని ఒక్క జగదల్‌పూర్ సంతలోనే కాక దిగువ గోదావరి రేవుల్లోనూ తెరవాల్సి ఉంటుంది.